గౌరవ శిస్తు

చివరికి గౌరవం కూడా రెవెన్యూ శాఖ చేతికొచ్చింది.

2021 డిసెంబరు 21 నాటి కేరళ హైకోర్టు తీర్పులో అందరూ లక్ష రూపాయల దగ్గరే ఆగిపోయారు. అసలు రసం ఆ తర్వాతి మాటలో ఉంది. ఖర్చుల కింద వేసిన ఆ లక్షను ఆరు వారాల్లో కట్టకపోతే రెవెన్యూ రికవరీ పెట్టి రాబట్టాలట. అంటే ట్రాక్టరు అప్పు ఎగ్గొట్టిన రైతు గుమ్మంలోకి వచ్చినట్టే, కోవిడ్ టీకా సర్టిఫికెట్ మీద ప్రధానమంత్రి ఫొటో ఎందుకని అడిగిన కొట్టాయం పెద్దమనిషి గుమ్మంలోకీ జప్తు నోటీసు రావచ్చన్నమాట.

ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బు పోసి టీకా వేయించుకున్నారు. నా డబ్బు, నా జబ్బ, నా కాగితం, మధ్యలో నరేంద్ర మోదీ ఫొటో ఏమిటన్నది ఆయన పిటిషన్. అది పసలేని వ్యాజ్యమనీ, వెనక రాజకీయం, ప్రచార యావ ఉన్నాయనీ జస్టిస్ పి.వి. కున్హికృష్ణన్ తేల్చారు. ప్రభుత్వ విధానాలతో విభేదించవచ్చు, ప్రధాని రాజకీయాలతోనూ విభేదించవచ్చు, కానీ ఆయన్ని గౌరవించడం మాత్రం పౌరుల విధి అన్నారు.

విధి అన్నాక లెక్క ఉండాలి. లెక్క అన్నాక దస్త్రం, దస్త్రం అన్నాక గుమాస్తా. గుమాస్తా అన్నాక ఏముంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి దేశమంతటా గౌరవ జమాబందీ పెట్టక తప్పదు. ప్రతి గుండెకూ ఒక సర్వే నంబరు, ప్రతి పౌరుడికీ ఒక పాస్‌బుక్. నేలను వర్గీకరించినట్టే గౌరవాన్నీ వర్గీకరించాలి. ఎవరూ అడక్కుండానే పొంగేది తరి గౌరవం, ఏడాదికి మూడు కార్లు పండుతుంది. పథకం డబ్బు ఖాతాలో పడ్డ వారం మాత్రమే మొలిచేది మెట్ట. ‘పదవికి దండం పెడతాను గానీ...’ అని నసిగేవాళ్లది చవుడు. ‘ఎందుకు?’ అని అడిగేవాళ్లు శుద్ధ పోరంబోకు. నాయకులవి మాత్రం ఇనాం భూములు. వాళ్లు ఎవరినీ గౌరవించనక్కర్లేదు, ఏ ఫసలీలోనూ శిస్తు పడదు.

అమలుకు ఇబ్బందేమీ ఉండదు. తెలంగాణలో వీఆర్వోలను 2020లోనే తీసేశారు కనుక అక్కడ గౌరవాన్ని ధరణి లాంటి భూరికార్డుల పోర్టల్‌లో ఎక్కించవచ్చు. ఒకరి గౌరవం పక్కింటివాడి పేరు మీద పడితే కలెక్టరుకు అర్జీ పెట్టుకుంటారు, అలవాటే. ఆంధ్రలో అప్పట్లో వలంటీర్లుండేవారు. ఒకటో తారీఖున పింఛనుకు వేలిముద్ర వేయించుకునేటప్పుడే గౌరవమూ వేయించుకుపోయేవారే. స్థానిక సెస్సు కట్టడం రెండు రాష్ట్రాలకూ కొత్త కాదు: ఒకప్పుడు చంద్రన్న కానుక, ఆ తర్వాత జగనన్న గోరుముద్ద, బిడ్డ సరిగ్గా కళ్లు తెరవకముందే కేసీఆర్ కిట్.

ఇక వసూలు. గిర్దావరు బైకు దిగి, హెల్మెట్ చంకన పెట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు.

“పెద్దాయనా, ఫసలీ 1431కి మీ గౌరవం బకాయి కనిపిస్తోంది.”

“ఓటేశాను కదండీ?”

“అది నీటి తీరువా. ఇది శిస్తు. ఖాతా వేరు.”

“పెట్రోలు వంద దాటినా నోరెత్తకుండా కొట్టించుకుంటున్నాను, అదేమన్నా జమ చేసుకుంటారా?”

“అది ఓర్పండీ. ఓర్పుకు మా దగ్గర పద్దు లేదు.” గిర్దావరు గోడకేసి చూస్తాడు. “ఆ క్యాలెండర్ మీద ఎవరూ?”

“వెంకటేశ్వరస్వామి.”

‘ఫొటో మార్చదగినది’ అని గిర్దావరు రాసుకుంటాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, “ఊరంతా కట్టేశారు, మీ ఒక్కరికే ఏమొచ్చింది?” అని కూడా అంటాడు. ఈ మాట మాత్రం గిర్దావరు సొంతం కాదు. వంద కోట్ల మందికి లేని ఇబ్బంది మీకెందుకని విచారణలో పిటిషనరును కోర్టు అడిగింది.

ఈ శిస్తులో మాఫీలు కూడా ఉన్నాయి. 2021 మార్చిలో ఐదుచోట్ల అసెంబ్లీ ఎన్నికలొచ్చినప్పుడు, కోడ్ అమల్లో ఉందని ఎన్నికల సంఘం గుర్తుచేస్తే, అక్కడి టీకా సర్టిఫికెట్ల మీద ఇదే ఫొటోను ఆరోగ్యశాఖ తీసేసింది. ఆ ఐదింట్లో కేరళ ఒకటి. అంటే అదే కాగితం మీద, అదే రాష్ట్రంలో గౌరవం కొన్నాళ్లు బీడు పడింది. ఎవరి గుమ్మంలోకీ నోటీసు రాలేదు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్లీ సాగులోకి వచ్చింది.

నెహ్రూ పేరున్న సంస్థలో పనిచేస్తూ ఆ పేరు తీసేయమని ఎందుకు అడగరని కూడా పిటిషనరును జడ్జి ప్రశ్నించారు. మంచి ప్రశ్నే. పాత దస్త్రం దులిపితే ఈ శిస్తు ఎగవేతదారుల్లో మొదటి పేరు నెహ్రూదే. 1937లో కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉంటూ, కలకత్తా ‘మోడరన్ రివ్యూ’లో ‘చాణక్య’ అనే మారుపేరుతో తన మీదే వ్యాసం రాసుకున్నారాయన. ఈ జవాహర్‌లాల్‌లో నియంత పోకడలున్నాయి, ఓ కంట కనిపెట్టి ఉండండని దాని సారాంశం. ప్రధాని అయ్యాక 1948లో ‘శంకర్స్ వీక్లీ’ని ప్రారంభించడానికి వెళ్లి, నన్నూ వదిలిపెట్టొద్దని కార్టూనిస్ట్ శంకర్‌కు చెప్పివచ్చారు. ఆ శంకర్‌ది కాయంకుళం, కొట్టాయానికి ఎంతో దూరం లేదు. నెహ్రూ ఇచ్చిన మాఫీ మీద ఇరవై ఏడేళ్లు నడిచిన ఆ పత్రిక, ఆయన కూతురు ఎమర్జెన్సీ పెట్టిన 1975లో మూతపడింది.

తర్వాతి పేజీ 2013 ఆగస్టు 15. ఎర్రకోట మీద ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రసంగిస్తే, అదే రోజు భుజ్‌లోని లాలన్ కాలేజీ నుంచి గుజరాత్ ముఖ్యమంత్రి ఆ ప్రసంగాన్ని చీల్చి చెండాడారు. ఆ ముఖ్యమంత్రి పేరు నరేంద్ర మోదీ. గౌరవించడం అప్పుడూ విధే అయితే, ఇన్నేళ్ల వడ్డీతో బకాయి గట్టిగానే తేలుతుంది. ఇప్పుడు నోటీసు అంటించడానికి భుజ్ రెవెన్యూ అధికారి ఏ ఇంటికి వెళ్లాలి?

తీర్పు వచ్చిన వారంలోనే గురువారం పి.వి. నరసింహారావు వర్ధంతి వచ్చింది. 2004లో ఢిల్లీలో ఆయన భౌతికకాయం ఉన్న శకటం ఏఐసీసీ కార్యాలయం బయటే ఆగింది. గేటు తెరుచుకోలేదు. ఐదేళ్లు దేశాన్ని ఏలిన తెలుగు ప్రధానిని హైదరాబాద్ తెచ్చుకుని సాగనంపాం. ఆ బకాయి ఏ ఖాతాలో రాయాలో కూడా గిర్దావరు చెప్పాలి.

అసలు ఈ శిస్తు ఏ చట్టం కింద వేశారని చవుడు భూమివాడు ఎవడైనా అడిగితే? రాజ్యాంగం 51-ఎ అధికరణంలో పౌరుల విధులు పదకొండున్నాయి. జాతీయ పతాకం ఉంది, జాతీయ గీతం ఉంది, అడవులు, నదులు, వన్యప్రాణులు ఉన్నాయి, పిల్లల్ని చదివించడం ఉంది. ప్రధానమంత్రి లేరు. అందులో మొదటి పదీ 1976లో 42వ సవరణతో, నడి ఎమర్జెన్సీలో వచ్చి చేరినవి. పత్రికల నోరు కట్టేసి, ప్రతిపక్షాన్ని జైళ్లలో కుక్కి, ఇందిరే ఇండియా అని కాంగ్రెస్ అధ్యక్షుడే భజన చేసిన కాలం అది. ఆ కాలంలో కూడా ఈ విధిని చేర్చడానికి చేతులు రాలేదు. పైగా శాస్త్రీయ దృష్టితో పాటు ప్రశ్నించే గుణాన్ని పెంచుకోవడం అదే జాబితాలో ఒక విధి. కొట్టాయం పెద్దమనిషి ఆ ఒక్క విధినీ బుద్ధిగా నెరవేర్చారు.

ఇంతకీ ఆ గిర్దావరు పనిచేసే తహసీల్దారు కార్యాలయంలో ఆ రోజుల్లో ఇంకో వరుస కూడా ఉండేది. ఆ వరుసను చూశాక ఈ జమాబందీ ముచ్చట నోట్లోనే ఆగిపోతుంది.

ఆ వరుసలో నిలబడ్డవాళ్లు సెకండ్ వేవ్‌లో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు. కోవిడ్‌తో పోయిన ప్రాణానికి పరిహారం 50 వేలు. అడిగిన నాలుగు లక్షలు ఇవ్వలేమని కేంద్రం 2021 జూన్‌లో సుప్రీంకోర్టుకు చెప్పేసింది. కోర్టు గట్టిగా పట్టుకుంటే సెప్టెంబరులో ఈ అంకె తేలింది, అది కూడా రాష్ట్రాల విపత్తు నిధి నుంచే. అర్జీ పెట్టిన 30 రోజుల్లో చేతికివ్వాలన్నారు. ఇవ్వడంలేదని రాష్ట్రాలకు ఆ డిసెంబరులో కూడా సుప్రీంకోర్టు తలంటింది. పరీక్ష రిపోర్టు ఏదమ్మా అని కిటికీ లోపలి గొంతు అడుగుతుంది. పడక దొరక్క, ఆక్సిజన్ అందక, ఆసుపత్రి గేటు బయట ఆటోలోనే పోయిన మనిషికి పరీక్ష ఎవరు చేశారు? ఆ రాత్రి రిపోర్టు ఇవ్వడానికి ఏ డాక్టరున్నాడు, ఏ అధికారి ఫోనెత్తాడు?

ఒక చావుకు యాభై వేలు. ఒక ప్రశ్నకు లక్ష. ఒకే దేశం, ఒకే ఏడాది, ఒకే రోగం. ఇంట్లో ఇద్దరు పోతే వచ్చే డబ్బంతా, ఒక పెద్దాయన ఒక్కసారి ‘ఎందుకు’ అన్నందుకు కట్టమన్నారు. కట్టేదానికి గడువు ఆరు వారాలు, తప్పితే జప్తు. ఇచ్చేదానికి గడువు తప్పితే ఏ కలెక్టరు కుర్చీనీ ఎవరూ జప్తు చేయరు. గౌరవం కావాలంటున్నవాళ్లు ముందు ఈ లెక్కకు సిగ్గుపడాలి.

వరుసలో మూడో మనిషిగా నిలబడ్డామె ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ మళ్లీ సర్దుకుంటోంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, గుండె ఆగి పోయాడని రాసిన మరణ పత్రం, వాటి అడుగున భర్త టీకా సర్టిఫికెట్. పడింది ఒక్క డోసే. ఎందుకైనా మంచిదని అదీ తెచ్చింది. దాని మీద ఒక ఫొటో ఉంది. ఆమె భర్తది కాదు.