మొహం చూసి పొట్లం

మొహం చూసి బొట్టు పెట్టడం మనకు తెలిసిందే. ఇప్పుడు మొహం చూసి పొట్లం ఇస్తున్నారు. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌కు తల్లి మొహం నచ్చితేనే బిడ్డకు బాలశక్తి పిండి పొట్లం. మంచిదే! ఇన్నాళ్లూ సూరత్ లింబాయత్ గల్లీల్లో ఏడాది పిల్లలు వేషాలు మార్చి రెండేసి పొట్లాలు కొట్టేస్తున్నారు కాబోలు.

సాంచాలు (మరమగ్గాలు) ఆగితే కరీంనగర్ పోయి, నడుస్తున్నాయంటే సూరత్‌కు తిరిగొచ్చే మన పద్మశాలీ కోడలి సంగతి చూడండి. పేరు అక్కడి అంగన్‌వాడీ కేంద్రంలో, ఆకలి ఇక్కడ. యాప్‌లో వలసకూ ఒక గడి ఉంది, కాదనను. అది దాటాలంటే కేవైసీ. కేవైసీకి ఓటీపీ. ఓటీపీ వచ్చే ఫోను మొగుడి జేబులో, మొగుడు పన్నెండు గంటల షిఫ్టులో. ఆ మోతలో రింగు వినపడదు. వినపడినా, పోగు తెగితే సేఠ్ ఊరుకుంటాడా?

మర్నాడు ఫొటో. ఆధార్‌లో ఉన్నది పెళ్లికి ముందటి మొహం. ఎదురుగా ఉన్నది కాన్పు తర్వాత, రాత్రంతా చీరలకు రాళ్లు అంటించిన మొహం. కళ్లు ఆర్పమంటుంది ఫోను. ఆర్పింది. మళ్లీ ఆర్పమంటుంది. చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఆనవాలు మాత్రం ఫోనుకు అక్కర్లేదు.

సెప్టెంబరు వస్తే పోషణ మాసం. ముగ్గులు, చిరుధాన్యాల కేకులు. సరే.

ఇక వెటకారం నా వల్ల కాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలు ఒక్కటే చాలవు. రెండేళ్లలోపు ఆగిపోయిన ఎదుగుదలను తర్వాత రాబట్టడం కష్టం. ఊరు మారిన మొదటి నెలలే గండం: జీతం ఇంకా చేతికి రాదు, నీళ్లు కొత్త, విరేచనాలు. సరిగ్గా అప్పుడే పొట్లానికి అడ్డం పడతారా? ఆ తిండి హక్కని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది. 2017లో దానికి కట్టిన ధర పిల్లకు రోజుకు 8 రూపాయలు. ఎనిమిది రూపాయలకు ఇంత కాపలా! సరుకు మాయమయ్యేది బిడ్డ చేతిలో కాదు, గోదాము దారిలో. కెమెరాలు అక్కడ పెట్టండి.

2020 లాక్‌డౌన్‌లో ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొస్తే సేఠ్ ఎవరి మొహమూ పోల్చి చూడలేదు, చేతులుంటే చాలన్నాడు. సుప్రీంకోర్టు కూడా 2006 డిసెంబరు 13న, 40 మంది పిల్లలున్న మురికివాడ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలంది గానీ, అడిగినవాళ్ల కళ్లు ఆర్పించమనలేదు. పొట్లం ముందివ్వండి. ఫొటో తర్వాత తీసుకోండి, కావాలంటే రోజూ తీసుకోండి.