ఒక నురుగు పూడిక ఆత్మకథ

గోడను తొలిచి కేబుళ్లను దాటించినప్పుడు వాటి చుట్టూ మిగిలే ఖాళీని మూసే పదార్థాన్ని పూడిక అంటారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టెనెసీ నది ఒడ్డున గల బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో అటువంటి ఒక రంధ్రాన్ని మూసిన పాలీయురిథేన్ నురుగు తన గురించి చెప్పుకొనే చరిత్ర ఇది. పోసిన ద్రవం పొంగి గట్టిపడటం తప్ప దాని పుట్టుకలో విశేషమేమీ లేదు. దాని కొలువు మాత్రం చిన్నది కాదు. కలుషితమైన గాలి బయటికి పొక్కకుండా రియాక్టరు భవనంలో పీడనాన్ని వెలుపలికంటే కొంత తక్కువగా ఉంచుతారు గనుక, ఆ తేడా చెడకుండా గోడలో నిలిచి కాపాడటం తన పనేనని ఆ పూడిక గర్వపడేది. పైగా మంటను నిదానింపజేసే పూత కూడా దానికి ఉండేది.

ఆ గర్వాన్ని నిలవనీయనిది కొత్త కేబుళ్ల రాక. కేబుల్ అవసరమైనప్పుడల్లా పనివారు పూడికను పొడిచి దారి చేసుకొనేవారు. ఆ గాయాన్ని మొదట వాడిన పదార్థంతో కాక, చేతికందిన మెత్తని నురుగు ముక్కలతో కుక్కేవారు. తరువాత గాలి ఎక్కడ కారుతున్నదో తెలుసుకొనడానికి వెలిగించిన కొవ్వొత్తిని దగ్గరగా పట్టి, జ్వాల వంగుతున్నదా అని చూసేవారు. అంటుకొనే వస్తువును మంటతోనే పరీక్షించడం అక్కడ మామూలు పద్ధతి కావడమూ, అంతకుముందు లేచిన చిన్న మంటలను ఆర్పివేసిన తరువాత సైతం ఆ పద్ధతి మారకపోవడమూ పూడికకు తీరని ఫిర్యాదు.

1975 మార్చి 22న పీడనభేదం కొవ్వొత్తి జ్వాలను రంధ్రంలోకి లాగింది. అప్పుడే కుక్కిన, పూత లేని ముక్కలు అంటుకొన్నాయి. మంట గోడ దాటి రియాక్టరు భవనంలోని కేబుళ్ల తొడుగుల వెంట పాకింది. నీళ్లు చల్లితే విద్యుత్ ప్రమాదం కలుగుతుందన్న జంకుతో గంటల తరబడి ఇతర సాధనాలనే నమ్ముకొన్నారు. చివరికి నీటితోనే, సుమారు 7 గంటల తరువాత, మంట ఆరింది. ప్రాణనష్టం లేదు, నడుస్తున్న రెండు రియాక్టర్లనూ ఆపగలిగారు, కాని 1600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. నురుగు అంటుకొన్నదని అందరూ అన్నారు. అంటుకొనే గుణమున్నదాన్ని ఏరి తెచ్చి అక్కడ నింపినవారి మాట అంత గట్టిగా వినిపించలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లయింది. కాలిన పూడిక చెత్తతో కలిసి బయటపడింది.

దాని వారసులకు దక్కిన మర్యాద వేరు. అణు కేంద్రాల అగ్నిరక్షణకు 1980లో అమెరికా ప్రత్యేక నిబంధనలు చేసింది. అక్కడి జాతీయ విద్యుత్ కోడ్‌లోని 300.21వ విభాగం, నిర్ణీతకాలం మంటను ఆపవలసిన గోడలలో కేబుళ్ల చుట్టూ గల ఖాళీలను, ఆ కాలం తగ్గకుండా, ఆమోదిత పద్ధతిలో మూయాలంటున్నది. పూడికలను కొలిమి ముందుంచి పరీక్షిస్తారు: జ్వాల అవతలికి దాటకుండా నిలిచిన కాలాన్ని ఎఫ్ రేటింగ్ అనీ, అవతలివైపు వేడి నిర్ణీత హద్దు మించకుండా ఉన్న కాలాన్ని టి రేటింగ్ అనీ అంటారు. కొన్ని నవీన పూడికలు వేడి తగలగానే ఉబ్బి, కేబుల్ తొడుగు కరిగి ఏర్పడే సందును తామే మూసివేస్తాయి.

అయితే ఈ రేటింగులన్నీ పూడికను ఎవరూ పొడవనంతవరకే. కొత్త కేబుల్ లాగేవారు గోడను తాకకముందే, తిరిగి మూయడానికి పరీక్ష నెగ్గిన పదార్థం వెంట ఉన్నదో లేదో చూసుకోవాలని ఆ కాలిపోయిన పూడిక కోరుతున్నది.