మార్షల్ గారి రెండో ఆదివారం

జులై రెండో ఆదివారం పొద్దున ఆరింటికి నెక్లెస్ రోడ్డు మీద చిలకపచ్చ జాకెట్టు వేసుకుని, మెడలో విజిలు తగిలించుకుని, ఇంకా ఒక్క బండీ రాకముందే ఖాళీ రోడ్డును "వెనక్కి, వెనక్కి" అని అదిలించే మనిషి కనిపిస్తే ట్రాఫిక్ పోలీసనుకునేరు. ఆ వేళకు ఏ పోలీసుకూ అంత ఉత్సాహం ఉండదు. ఆయన జావా-యెజ్డీ ర్యాలీ మార్షల్.

ఆ రోజును పలు దేశాల్లో జావా అభిమానులు పండగ చేసుకుంటారు. మనవాళ్ళు అందులోకి యెజ్డీని కూడా లాక్కొచ్చారు, న్యాయంగానే. రెండూ మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ బిడ్డలే. చెకోస్లొవేకియా వాళ్ళ లైసెన్సుతో 1961లో జావాలు మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ అని పేరు మార్చి, 1996లో గేటుకు తాళం పడేదాకా అక్కడ బళ్ళు తయారుచేశారు. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్ళు వచ్చాయి గానీ, మార్షల్ గారు వాటిని వరసలో చివర నిలబెడతాడు. మీట నొక్కగానే స్టార్టయ్యే బండికి అంత తొందరెందుకని ఆయన ప్రశ్న.

మామూలు రోజుల్లో ఆయన మాట ఎవరి చెవికీ ఆనదు. ఆఫీసు లిఫ్టులో ఆయన దిగాల్సిన అంతస్తు కూడా పక్కవాళ్ళే నిర్ణయిస్తారు. అపార్ట్‌మెంట్ సెల్లారులో పార్కింగు గీతలు గీయిద్దామని వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన ప్రతిపాదన 'శుభోదయం' గులాబీల కింద పూడుకుపోయింది. ఆ గీతల మోజు మొత్తం ఈ ఒక్క పూట తీరాలి. అందుకని ముందురోజు రాత్రే సుద్దముక్కతో వచ్చి రోడ్డు పక్కన గళ్ళు గీసిపోతాడు. రాత్రి వాన పడుతుంది. జులై కదా. పొద్దున మళ్ళీ గీస్తాడు.

ఏడింటికి ఉపన్యాసం. "జిగ్‌జాగ్‌ల పోవాలె. ముందు బండి ఎడమకుంటే నువ్వు కుడికుండు. నడుమ రెండు సెకన్లు గ్యాపు. లీడర్‌ను దాటొద్దు, స్వీప్ వెనుక పడొద్దు. పిడికిలి లేపితే ఆగాలె. గుంత కనపడితే ఆ దిక్కు కాలు చాపి వెనుకోనికి చూపియ్యాలె." చివరి నియమం విని పాతకాపులు నవ్వుకుంటారు. వానాకాలం హైదరాబాదులో గుంతకో కాలు చాపుకుంటూ పోతే గండిపేట చేరేదాకా ఫుట్‌రెస్టుతో పని పడదు. "ఔటర్ మీదికి ఎక్కొద్దు, టూవీలర్లకు పర్మిషన్ లేదు" అని మూడుసార్లు చెబుతాడు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మనది కాకపోయిందని ఆయనకేమీ బెంగ లేదు. దాని మీద మెకానిక్కులుండరు.

ఇక వాలంటీర్ల సంగతి. పేరిచ్చినవాళ్ళలో సగం మంది టిఫిన్ కౌంటరు డ్యూటీయే కావాలంటారు. మిగతా సగం ఆ కౌంటరు పక్కన ఏదైనా సరే అంటారు. టీషర్టులు పంచేచోట భారీకాయులకు స్మాలూ బక్కపలచటివాళ్ళకు డబులెక్సెలూ మిగులుతాయి. ఇడ్లీ టోకెన్ల బల్ల దగ్గర మార్షల్ గారి సొంత కొడుకు కూర్చుంటాడు. ఆ కుర్రాడు వచ్చింది ఎలక్ట్రిక్ స్కూటరు మీద. తండ్రి దాన్ని చెట్టు చాటున పెట్టించి పైన టార్పాలిన్ కప్పించాడు.

కొత్త వాలంటీరుకు ఒక బండి పక్కకు తీయమని పని చెబితే తమాషా చూడొచ్చు. కుడిపక్కంతా వెతుకుతాడు, కిక్కు రాడ్డు దొరకదు. ఎడమపక్క గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కవుతుందని అతనికెవరూ చెప్పరు. అడగకుండా చెబితే సరదా పోతుంది. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లెందుకని అతను అడిగితే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి జవాబు మొదలుపెడతారు. లీటరు పెట్రోలులో ఆయిలు 40 మిల్లీలీటర్లు కలపాలా 50 కలపాలా అన్నదానికి మటుకు ఇన్నేళ్ళయినా తీర్పు రాలేదు. మార్షల్ గారిది 40 వర్గం. 50 వాళ్ళతో మాట్లాడతాడు గానీ టీ తాగడు.

స్టాళ్ళను సుద్దగీత దాటనివ్వకుండా చూడటం ఆయన విధుల్లో మొదటిది, ఆయన పతనం మొదలయ్యేదీ అక్కడే. పుత్లీబౌలి నుంచి వచ్చిన భాయ్ గోనెపట్టా పరిచి పాయింటు సెట్లు, క్లచ్ ప్లేట్లు, ట్యాంకు బ్యాడ్జీలు పోస్తాడు. "మైసూర్ మాల్ అన్నా, ఒరిజినల్." రుజువేమిటంటే తుప్పు. కొత్తగా తళతళలాడేదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఒకడుగు వెనక్కి జరగమని చెప్పడానికి వెళ్ళిన మార్షల్ గారు అక్కడే గొంతుక్కూర్చుని, పెట్రోలు కాక్ ఒకటి చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతూ ఉండిపోతాడు.

"ఏంది భాయ్, పోయినేడు మూడొందలన్నవ్ గద?"

"పోయినేడు దీనికి ఇంత తుప్పు లేకుండె అన్నా."

ఆ వాదనకు తిరుగులేదు. కొంటాడు. పక్క స్టాలులో, చినుకులు పడుతుండగా, తోలు జాకెట్ల మీద 'ఆషాఢం ఆఫర్' బోర్డు. ఆ పక్కన పుర్రెబొమ్మల స్టిక్కర్లు, వాటి పక్కనే బండికి కట్టే నిమ్మకాయ మిరపకాయల దండలు. పుర్రె కొన్నవాడే దండా కొంటాడు, దేని జాగ్రత్త దానిదే.

బయల్దేరే వేళకు ఒక పెద్దాయన జావా మీద వచ్చి సరాసరి ముందు వరసలో ఆపుతాడు. మార్షల్ గారు పరుగెత్తుతాడు. "పెద్దాయనా, మీరు నడుమ ఉండుండ్రి. ముందుకు పోవద్దు."

"ముందుకు పోవాలంటే గిది గూడ ఒప్పుకోవాలె గద బిడ్డా" అని పెద్దాయన ఒక్క తన్ను తంతే బండి మోగుతుంది. మార్షల్ గారి బండి లేవడానికి ముగ్గురు తోయాలి. ఆ ముగ్గురూ 50 వర్గం.

జెండా ఊపాక నీలం పొగలో హుస్సేన్ సాగర్ కాసేపు కనిపించదు. జిగ్‌జాగ్ మెహదీపట్నం దాకా నిలుస్తుంది. ఆ ఆదివారం ఆషాఢంలో పడిందంటే లంగర్ హౌజ్ దగ్గర గోల్కొండ బోనాలు ఎదురవుతాయి. డప్పులు, శివసత్తులు, కొరడాతో పోతరాజు. మార్షల్ గారు ఒకసారి విజిలు వేసి, పోతరాజు ఇటు తిరగగానే దాన్ని చొక్కాలో దాచి దండం పెడతాడు. లీడర్‌ను దాటే హక్కు అమ్మవారికి ఉందని తరువాత సర్దిచెబుతాడు.

అసలు మర్యాద బయటపడేది బండి ఆగినప్పుడు. పొద్దుటి ఉపన్యాసం ప్రకారం ఒక బండి చెడితే అందరికంటే వెనకాల వచ్చే స్వీప్ ఒక్కడే ఆగాలి, మిగతావాళ్ళు సాగిపోవాలి. ఇక్కడ ఒకడాగితే అందరూ ఆగుతారు. అందరి జేబుల్లోంచీ ప్లగ్ స్పానర్లు వస్తాయి. ప్లగ్గు అని ఒకరు, పాయింటు అని ఇంకొకరు, కార్బొరేటరు కడగాలని మరొకరు. బండి సొంతదారును పక్కకు నెట్టేస్తారు, వాడికేం తెలుసని. "రూల్సు! రూల్సు!" అని అరుస్తూ వచ్చిన మార్షల్ గారు రెండు నిమిషాల్లో రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని గరుకు కాగితంతో ప్లగ్గు రుద్దుతుంటాడు. అది పనికిరాదని తేలితే తన జేబులోని ప్లగ్గు తీసి బిగిస్తాడు. ముక్కూ మొహం తెలియనివాడికి. డబ్బులిస్తే తిడతాడు.

అప్పటికీ లేవకపోతే వెనకాల వచ్చే చోటాహాథీ ట్రాలీ ఎక్కించాలి. యెజ్డీ వాడికి అది నలుగురిలో తలవంపు. మార్షల్ గారు తన చిలకపచ్చ జాకెట్టు విప్పి, నంబరు ప్లేటు కనపడకుండా కప్పుతాడు. అంతే, ఆ క్షణం నుంచి ఆయన మాట ఎవరూ వినరు. జాకెట్టు లేని మార్షల్ మళ్ళీ మామూలు మనిషి. అయినా కార్ల మధ్య చేతులు చాపుకుని నిలబడే ఉంటాడు.

కాబట్టి ఆ ఆదివారం గండిపేట దారిలో, చేతులకు నల్లనూనె పూసుకున్న ఒక మనిషి మీ కారుకు అడ్డంగా చెయ్యి పెడితే రెండు నిమిషాలు ఆగండి. హారను కొట్టినా ఆయనేమీ అనుకోడు. అద్దం దించి "ఏమైందండీ బండికి?" అని మాత్రం అడక్కండి. చెబుతాడు.