పాత ఫోన్ బిల్లు బాకీ: ఏజెంటుకు సులువుగా దొరికిపోయే మార్గాలు

ముందుగా మీకో పాత పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండాలి. లేదని దిగులు పడకండి, సంపాదించడం చాలా తేలిక. వాడడం మానేసిన సిమ్‌ను టీవీ కింద సొరుగులో పడేయండి. కనెక్షన్ రద్దు చేయమని కంపెనీకి చెప్పకండి. చెప్పినా రిక్వెస్ట్ నంబరు తీసుకోకండి. సిమ్ సొరుగులో నిద్రపోతుంటే నెల అద్దె మాత్రం మెలకువగానే ఉంటుంది. వేరే నెట్‌వర్క్‌కు పోర్ట్ అయ్యేవారికి ఇంకో సదుపాయం ఉంది. మారే రోజు దాకా వాడినదానికి పాత కంపెనీ నుంచి ఆఖరి బిల్లొకటి వస్తుంది. దాన్ని తాకకండి. సంబంధం తెగిపోయాక బిల్లేమిటి, విడ్డూరం కాకపోతే!

కొన్నేళ్ళు ఓపిక పట్టండి. ఒక మధ్యాహ్నం ఫోన్ వస్తుంది.

‘నాంపల్లి కోర్టు నుంచి మాట్లాడుతున్నాం’ అంటుంది అవతలి గొంతు. కోర్టులు ఫోన్లు చేసి బాకీలు వసూలు చేయవని మీ తోడల్లుడు అంటాడు. ఆయన మాట వినకండి. ఆ గొంతు వెనకాల పదిమంది ఒకేసారి ‘సార్, మీ పెండింగ్ అమౌంట్’ అంటూ వినబడుతున్నా సరే, అది జడ్జిగారి హాలే అనుకోండి. మీ పేరేంటి, ఏ ఏజెన్సీ, ఏ కంపెనీ తరఫున, ఆ కంపెనీ ఇచ్చిన అధికారపత్రం ఏది, అసలు బిల్లు కాపీ పంపుతారా అని అడిగారో, పాపం ఆయన మనసు నొచ్చుకుంటుంది. అంతకంటే ‘వెరిఫికేషన్’ అన్న మాట వినగానే ఆధార్ నంబరు, పుట్టినతేదీ, పాన్ వరసగా అప్పజెప్పడం మర్యాద.

ఏ కంపెనీ అన్నది కూడా తవ్వకండి. మీ కనెక్షన్ హచ్‌ది అయితే అది 2007లో వొడాఫోన్ చేతికి పోయింది, 2018లో ఆ వొడాఫోన్ ఐడియాతో కలిసింది. టాటా డొకొమోది అయితే 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసింది. ఎయిర్‌సెల్ అయితే 2018లోనే దివాలా తీసింది. మరి ఈ బాకీ ఇప్పుడు ఎవరిది, కట్టించుకునే హక్కు ఈయనకు ఎలా వచ్చింది? అలాంటి ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఇవ్వాల్సి వస్తుంది. కాగితం అడిగితే చాలామంది ఏజెంట్లు ఫోన్ పెట్టేస్తారు. కబుర్లు అర్ధాంతరంగా ఆగిపోవడం మీకు మాత్రం ఏం బాగుంటుంది?

ఇక అసలు చిట్కాకు వద్దాం. మిగతావన్నీ మరిచినా దీన్ని మరవకండి.

మన పల్లెల్లో ప్రామిసరీ నోటు సంగతి చదువురాని రైతుకు కూడా తెలుసు. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకే గడువు దగ్గర పడుతుందనగా షావుకారు ఇంటికొస్తాడు. మంచినీళ్ళు తాగుతాడు, పిల్లల చదువుల గురించి అడుగుతాడు. ‘అంతా ఇప్పుడే అక్కర్లేదులే, ఒక వంద ఇవ్వు చాలు’ అంటాడు. ఆ వంద తీసుకుని, నోటు వెనక చెల్లు రాయించి, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. ఆయన వచ్చింది వంద కోసం కాదు. ఈ కథ తాతల దగ్గర వందసార్లు విన్న మనం, ఫోన్ బిల్లు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా మర్చిపోవాలి.

ఎందుకంటే ఇక్కడా లెక్క అదే. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి దావా వేయడానికి మూడేళ్ళే గడువు. ఆ లోపల బాకీ నిజమేనని సంతకం పెట్టి రాసిచ్చినా, కొంత కట్టి ఆ సంగతి మీ చేతిరాతలోనో సంతకంతోనో ఒప్పుకున్నా గడువు మళ్ళీ మొదటికొస్తుంది. మూడేళ్ళు దాటిపోయాక కూడా ఏజెంటును నిరాశపరచనక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చూడండి. కాలదోషం పట్టిన అప్పును సైతం ‘కడతాను’ అని సంతకంతో రాసిచ్చారంటే అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది. కాబట్టి 2016 నాటి బిల్లు గురించి ఏజెంటు గొంతు తగ్గించి, ‘సార్, వచ్చే నెల కడతానని ఊరికే ఒక లెటర్ సంతకం పెట్టి పంపండి, నేను పైవాళ్ళకు చెప్పుకుంటా’ అని బతిమాలితే వెంటనే పంపేయండి. ఊరికే అన్నాడుగా!

గడువు దాటినంత మాత్రాన బాకీ మాయమైపోదు, అడిగేవాడు అడగవచ్చు. కోర్టుకెక్కి రాబట్టే దారి మాత్రమే మూసుకుపోతుంది. ఇంత సన్నని తేడాలు గుర్తుపెట్టుకునేవాళ్ళు వడ్డీవ్యాపారం చేసుకోవాలి గానీ ఫోన్లు వాడకూడదు.

తర్వాత కాగితాలు. లాయరు పేరుతో నోటీసు వస్తుంది. కేసు నంబరు ఉండదు, కోర్టు పేరు ఉండదు, గుండ్రటి నీలం ముద్ర కూడా ప్రింటర్‌లోనే అచ్చయి ఉంటుంది. ‘ఫైనల్ వార్నింగ్’ అన్న మాట మాత్రం ఎర్రగా, లావుగా ఉంటుంది. దీన్ని చూసి వణకండి. బిల్లు కట్టకపోవడం సివిల్ తగాదా అనీ, దానికి పోలీసులు వచ్చి పట్టుకెళ్ళరనీ ఎవరు చెప్పినా నమ్మకండి. అలా కాక కేసు నంబరుతో, కోర్టు ముద్రతో, హాజరు కావలసిన తేదీతో నిజమైన సమన్లు వచ్చాయనుకోండి, వాటిని చించి పారేయండి. మీరు వెళ్ళకపోతే అవతలివాళ్ళ మాట ఒక్కటే విని ఎక్స్‌పార్టీ తీర్పు ఇవ్వవచ్చు. అందరికీ పని తగ్గుతుంది.

లోక్ అదాలత్ నోటీసు వస్తే అసలైనదో కాదో జిల్లా న్యాయసేవాధికార సంస్థను కనుక్కోవడం పిరికితనం. అసలైనదే అయినా అక్కడ బేరమాడవచ్చు, కుదరకపోతే ఒప్పుకోకుండా తిరిగి రావచ్చు. మీరు అలా చేయకండి. చూపించిన చోట సంతకం పెట్టి రండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

ఇవేవీ నచ్చకపోతే ‘ఆయన పోయారండి’ అని ఇంట్లోవాళ్ళతో చెప్పించండి. మరుసటి వారం మరణ ధ్రువపత్రం అడుగుతారు. ఆ పై వారం మీ ఆవిడను వారసురాలి హోదాలో అడుగుతారు. సాయంత్రం మీరు గుమ్మంలో కూరగాయల సంచితో ఎదురుపడితే ఏజెంటు ముఖం చూడాలి!

బాకీ నిజమే, కట్టేద్దామని బుద్ధి పుట్టిందా? కంపెనీ యాప్‌లోకో స్టోర్‌కో వెళ్ళకండి. ఏజెంటు సొంత యూపీఐకి పంపండి. రశీదు, బాకీ లేదనే పత్రం అడగడం మనిషిని అవమానించడమే. మరో ఏజెన్సీ అదే బిల్లుకు ఫోన్ చేసినప్పుడు మీ మాటే మీకు సాక్ష్యం. కొన్ని టెలికాం కంపెనీలు బకాయిలను క్రెడిట్ బ్యూరోలకు కూడా చేరవేస్తాయి. ఒక్కో బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. తప్పుంటే ఫిర్యాదు చేయవచ్చు, 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అదంతా ఎందుకు? ఇంటి లోను తిరస్కరించినప్పుడు బ్యాంకు మేనేజరు నోట వినడంలో ఉన్న థ్రిల్ వేరు.

చివరిగా, పోలీసు టోపీతో వీడియో కాల్ చేసి ‘మీ నంబరు కట్ చేస్తున్నాం, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు’ అంటే గదిలో తలుపేసుకుని, చెప్పిన ఖాతాకు చెప్పినంత పంపండి. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. సైబర్ మోసాలకు ఫిర్యాదు నంబరు 1930, డబ్బు పోయిన వెంటనే చేస్తే ఆపగలిగే అవకాశం ఎక్కువ. ఆ నంబరును మాత్రం ఫోన్లో సేవ్ చేసుకోకండి.