వెలితి యొక్కటి: ఒక కరెంటు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కరెంటు అమ్మేవాణ్ణి ఇంటివాడే ఎంచుకోవచ్చునని టెక్సస్ శాసనసభ 1999లో చట్టం చేసింది. 2002 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి డల్లాస్ చుట్టుపక్కల కాపురం పెట్టే చాలా తెలుగు కుటుంబాలకు గృహప్రవేశానికి ముందే ఒక పరీక్ష ఎదురవుతోంది. పాలు పొంగించాలంటే పొయ్యి వెలగాలి, పొయ్యి వెలగాలంటే ఏదో ఒక ప్లాన్ తీసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వంవారి ‘పవర్ టు చూజ్’ వెబ్‌సైటు తెరిచి జిప్ కోడ్ కొడితే పదులకొద్దీ ప్లాన్లు బారులు తీరి నిలబడతాయి. అందులో మొదటి వరసలో ఉన్నదాన్ని నమ్మి, నెల తిరిగాక బిల్లు చూసి దిమ్మ తిరిగిన ఒక అజ్ఞాతకవి ఈ ఆటవెలదిని చెప్పినట్టు ఊహ్యం. ఏ అపార్టుమెంటువాడో కూడా తెలియదు.

మూలం

వేయి యూనిటులకు వెలితి యొక్కటి యున్న
నూఱు డాలరులును నూతఁ బడును
లేబులందు మూఁడు లెక్కలే చూపును
మీటరొకటె చెప్పు మీదు లెక్క

అధికారి నిర్ణయం

శాస్త్రం చదివే ముందు దానికి అర్హుడెవరో తేల్చాలని పెద్దల మాట. డల్లాస్, ప్లేనో, ఇర్వింగ్ వంటి చోట్ల ఆన్‌కార్ అనే తీగెల కంపెనీ కింద ఉన్నవారు ఈ పద్యానికి అధికారులు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో, గార్లండ్, డెంటన్ వాసుల్లో చాలామందికి నగరమే కరెంటు అమ్ముతుంది కాబట్టి వారికి ఈ చదువుతో పనిలేదు. ఫ్రిస్కోవారి సంగతి విచిత్రం. కొన్ని వీధులు ఆన్‌కార్‌వి, కొన్ని కోసర్వ్ అనే సహకార సంఘానివి. రెండో రకం ఇంట్లో ఉన్నవారు ఈ టీకాను వినోదం కోసం చదువుకోవచ్చు.

ప్రతిపదార్థం

వేయి యూనిటులకు = ఒక బిల్లింగ్ కాలంలో 1000 కిలోవాట్ అవర్లకు; వెలితి యొక్కటి యున్న = ఒక్కటి తగ్గినా, అంటే మీటరు 999 దగ్గర ఆగినా; నూఱు డాలరులును = ప్లానువారు ఇస్తామన్న 100 డాలర్ల బిల్ క్రెడిట్టున్నూ (ఇక్కడి ‘ను’ సముచ్చయార్థకం, డాలర్లతో పాటు ఆ రాత్రి నిద్ర కూడా అని); నూతఁ బడును = బావిలో పడును; లేబులందు = ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే పత్రంలో; మూఁడు లెక్కలే చూపును = 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధరలు మాత్రమే కనబడును; మీటరొకటె = గోడకు వేలాడే స్మార్ట్ మీటరు మాత్రమే; మీదు లెక్క = మీ ఇంటి వాడకాన్ని; చెప్పు = చెప్పును.

తాత్పర్యం

ఓ గృహస్థుడా, ప్లాన్ ధర చూడకముందు నీ పన్నెండు నెలల వాడకం చూసుకో.

విశేషాలు

తాత్పర్యం ఒక్క ముక్కే గానీ విశేషం చాలా ఉంది. లెక్క సులువు కోసం రెండు ప్లాన్లను ఊహిద్దాం. మొదటిది క్రెడిట్ ప్లాన్. తీగె ఛార్జీతో కలిపి యూనిట్ 17 సెంట్లు, వాడకం 1000 చేరితే 100 డాలర్లు వెనక్కి. రెండోది ఏ అలంకారమూ లేనిది. ఎంత వాడినా యూనిట్ 12 సెంట్లే.

మొదటిదాని లేబుల్‌లో 500 దగ్గర 17 సెంట్లు, 1000 దగ్గర 7 సెంట్లు, 2000 దగ్గర 12 సెంట్లు అని ఉంటుంది. ‘పవర్ టు చూజ్’ మామూలుగా చూపేది 1000 యూనిట్ల ధరే. అక్కడ ఇది 7, అది 12. ఇంకా ఆలోచించేదేముంది? గృహస్థుడు 7 మీద నొక్కి, పొదుపు చేశానన్న తృప్తితో బిర్యానీ తెప్పించుకుంటాడు.

1000 వాడితే బిల్లు 70 డాలర్లు. 999 వాడితే 169 డాలర్ల 83 సెంట్లు. కవి ‘వెలితి’ని సరిగ్గా యతిస్థానంలో ఎందుకు కూర్చోబెట్టాడో ఇప్పుడు బోధపడుతుంది. పద్యపాదం విరిగేదీ అక్కడే, బిల్లు విరిగేదీ అక్కడే.

ఇక ఒక ఇంటి ఏడాది వాడకం తీసుకుందాం. జనవరి 1050, ఫిబ్రవరి 940, మార్చి 620, ఏప్రిల్ 580, మే 860, జూన్ 1240, జూలై 1580, ఆగస్టు 1620, సెప్టెంబరు 1190, అక్టోబరు 760, నవంబరు 610, డిసెంబరు 950. మొత్తం 12,000. నెలకు సగటు కచ్చితంగా 1000. ఈ ఇంటి కోసమే లేబుల్ రాశారా అనిపిస్తుంది. కానీ పన్నెండులో క్రెడిట్ అందుకున్న నెలలు ఐదే. ఏడాది ఖర్చు 2040 డాలర్లు, అందులోంచి 500 తీసేస్తే 1540. అలంకారం లేని ప్లాన్‌లో 1440. ఏడు సెంట్ల ప్లాన్ పన్నెండు సెంట్ల ప్లాన్ కన్నా 100 డాలర్లు ఎక్కువ తిన్నది. సగటు అనే ఆసామి ఎవరింట్లోనూ కాపురం ఉండడు. ఆగస్టులో ఏసీ పగలూ రాత్రీ మోగుతుంది, ఏప్రిల్‌లో కిటికీలు తెరుచుకుంటాయి, బిల్లు మాత్రం ఏ నెలకానెల వస్తుంది.

మూఁడవ పాదంలో కవి కొంచెం అన్యాయం చేశాడు. లేబుల్‌లో ఆ మూడు సగటుల కిందే ఎనర్జీ ఛార్జీ ఎంత, ఆన్‌కార్‌కు నెలకింత, యూనిట్‌కింత అని పోయేది ఎంత, క్రెడిట్ ఎప్పుడొస్తుంది అన్నీ రాసి ఉంటాయి. రాయకపోతే పబ్లిక్ యుటిలిటీ కమిషన్ ఊరుకోదు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాలకు టీకాలు రాసిన మన కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. లేబుల్ చదివేవాడికి కావలసింది దానికి తమ్ముడి లాంటి నియమం, మూలంలో ఉన్నది వదలకూడదని. కవి పై మూడు అంకెలు చూసి కింది గీతలు వదిలేశాడు. దెబ్బ తిన్నది అందుకే అని వ్యాఖ్యాత అభిప్రాయం.

పూర్వపక్షం

‘నెలాఖరుకు నాలుగు యూనిట్లు ఎక్కువ కాలిస్తే సరిపోతుంది కదా’ అని ఒకరి ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఇర్వింగ్‌లో ఆ క్రెడిట్ ప్లాన్‌లోనే ఉన్న ఒక ఇంటి ఉదాహరణ చిత్తగించండి. బిల్లింగ్ గడువు రేపటితో ముగుస్తుంది. కోడలు ఫోన్‌లో ‘స్మార్ట్ మీటర్ టెక్సస్’ తెరిచింది. పదిహేను నిమిషాలకొక లెక్క చొప్పున నిన్నటిదాకా ఇంటి వాడకమంతా అందులో ఉంటుంది. ఆరిన బట్టలనే మళ్లీ డ్రైయర్‌లో వేసింది. హైదరాబాదు నుంచి వచ్చిన అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

‘ఏమ్మా, ఆరినవాటిని మళ్లీ ఆరేస్తున్నావేం?’

‘వెయ్యి దాటాలత్తయ్యా. మామూలుగా వాడితే పద్దెనిమిది తక్కువొస్తాయి.’

‘దాటాలా? అక్కడ నేను నూట తొంభై రాగానే గీజరు స్విచ్చు మీద చెయ్యి వెయ్యనివ్వను!’

ఇద్దరిదీ ఒప్పే. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఆ గీత దాటితే బిల్లంతా కట్టాలి. ఆవిడ గీతకు ఇవతల ఉండాలి, ఈవిడ అవతలికి దూకాలి. పద్దెనిమిది యూనిట్లకు కోడలు పెట్టింది 3 డాలర్ల 6 సెంట్లు, రాబట్టింది 100. అత్తగారికి మాత్రం ఆ రోజంతా మనసొప్పలేదు. కరెంటు వృథా చేసినవారికి బహుమతి ఇచ్చే ప్లాన్ ఏం ప్లానని ఆవిడ అడిగిన దానికి ఏ లేబుల్‌లోనూ జవాబు లేదు. వ్యాఖ్యాతకూ ఆవిడ పక్షమే నచ్చింది.

ఈ ఉపాయానికి హద్దు కూడా ఉంది. ఏప్రిల్‌లో 580 వాడే ఇల్లు 420 యూనిట్లు కల్పించాలంటే 71 డాలర్లు పైన అవుతుంది, పైగా ఇంట్లో బట్టలన్నీ పోగులు విడిపోతాయి. బిల్లింగ్ కాలం కూడా క్యాలెండర్ నెల కాదు. ఒకసారి 29 రోజులు, ఒకసారి 33. రోజుకు 33 యూనిట్లు వాడే ఇంటికి 29 రోజుల నెల 957 దగ్గర ఆగుతుంది, 33 రోజులది 1089 చేరుతుంది. మనం ఏమీ మార్చకపోయినా ఒక నెల గట్టెక్కుతాం, ఒక నెల మునుగుతాం.

పాఠాంతరం

‘నూతఁ బడును’ అన్నచోట ‘గోతఁ బడును’ అని ఒక ప్రతిలో ఉందట. యతి చెడుతుంది కనుక అగ్రాహ్యం. గొయ్యి అయితే పైకి రావచ్చు కూడా.

ప్రక్షిప్తాలు

‘రాత్రి కరెంటు ఉచితం’ అనే ప్లాన్ల గురించి కొందరు అదనపు పద్యాలు చెబుతారు. రాత్రి ఊరికే ఇచ్చినది పగటి యూనిట్‌లో వసూలవుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఏసీ ఆపలేని ఇంటికి, ఇంటి నుంచే పనిచేసే ఇద్దరున్న ఇంటికి ఇది పనికిరాదు.

టోకు ధరకే కరెంటు అన్న ప్లాన్లు మాత్రం ప్రక్షిప్తాలని కొట్టేయడానికి వీల్లేదు, చరిత్రలో ఉన్నాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టోకు ధర గరిష్ఠ పరిమితికి వెళ్లి కూర్చుంది. మెగావాట్ అవర్‌కు 9,000 డాలర్లు, అంటే యూనిట్ 9 డాలర్లు. కొన్ని ఇళ్లకు ఆ కొద్ది రోజులకే వేల డాలర్ల బిల్లులొచ్చాయి. ఆ ఏడాదే శాసనసభ ఇళ్లకు ఆ రకం ప్లాన్లను నిషేధించింది.

వినియోగం

కవి చెప్పనివి కొన్ని. ఎవరి ప్లాన్ తీసుకున్నా కరెంటు అదే, తీగె అదే. దీపం ఆరిపోతే ఫోన్ చెయ్యాల్సింది ఆన్‌కార్‌కే. కనుక కంపెనీ మారిస్తే వెలుగు తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. అమ్మేవాణ్ణి మార్చినప్పుడు షరతుల పత్రం అందిన మూడు పనిదినాల్లో మనసు మారితే జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు కొత్త చిరునామా చూపిస్తే మధ్యలో మానేసిన రుసుము పడదు. ఒప్పందం ముగిసే తేదీకి పద్నాలుగు రోజుల ముందు నుంచి కూడా అంతే. ఆ తేదీని మరిచిపోతే మాత్రం నెలనెలా మారే ధరలోకి జారుకుంటాం. అది సాధారణంగా ఖరీదైనది. ఆ తేదీ ఆగస్టులో పడకుండా చూసుకుంటే మరీ మంచిది.

ఆధునికుల ఆక్షేపణ

ఇంత విన్నాక క్రెడిట్ ప్లాన్ అంటేనే చెడ్డదని కొందరు తీర్మానిస్తారు. పద్యంలో ఆ మాట లేదు. పైన చెప్పిన ఇంట్లోనే ఒక కరెంటు కారు కొన్నారనుకోండి. నెలకు వెయ్యి మైళ్లు తిరిగే కారు సుమారు 300 యూనిట్లు తాగుతుంది. ప్రతి నెలకూ 300 కలపండి. ఐదు నెలలకు అందిన క్రెడిట్ ఇప్పుడు తొమ్మిది నెలలకు అందుతుంది. ఏడాది వాడకం 15,600. క్రెడిట్ ప్లాన్‌లో 2652 నుంచి 900 తీసేస్తే 1752 డాలర్లు, అలంకారం లేనిదానిలో 1872. అదే ఇల్లు, అవే రెండు ప్లాన్లు, నిన్న 100 డాలర్లు తిన్నది ఇవాళ 120 మిగులుస్తోంది.

ఇంకా లొంగనివి మార్చి, ఏప్రిల్, నవంబరు. వాటికి వరుసగా 80, 120, 90 యూనిట్లు వెలితి. ఆ నెలలకు ఇండియా నుంచి చుట్టాలను పిలిపించుకుంటే సరిపోతుందని ఒక మతం. టికెట్టు ధర ఆ లెక్కలో కలపరాదని దాని షరతు.