ఎల్‌ఎల్‌పీ బావ

పలాస–కాశీబుగ్గలో పన్ను కట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పన్ను అర్థమైనవాడు మాత్రం వీధికొక్కడే. ఆ ఒక్కణ్ణీ అందరూ బావా అనే పిలుస్తారు, వరస కలిసినా కలవకపోయినా. నరసన్నపేట బియ్యం మిల్లుల దగ్గరా, రాజాం గోనె వ్యాపారంలోనూ, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల బట్టల కొట్లలోనూ ఇలాంటివాళ్ళు తగులుతారు గానీ, జీడిపిక్కల మధ్య పెరిగిన బావకున్న నిగారింపు వాళ్ళకు రాదు.

మొన్నమొన్నటిదాకా ఈయన మామూలు జీడి ఫ్యాక్టరీ ఆసామి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టాక, అప్పులవాళ్ళు అరుగెక్కి కూర్చున్నారు. వ్యాపారం బాకీ ఇంటి మీదకు రాని ఉపాయమేదని వెతుకుతుంటే, అమెరికా మేనల్లుడు వీడియో కాల్‌లో ‘ఎల్‌ఎల్‌సీ పెట్టు మావయ్యా’ అన్నాడు. ఇక్కడ దానికి దగ్గరగా ఉండే పరిమిత బాధ్యత భాగస్వామ్యం పేరు ఎల్‌ఎల్‌పీ అనీ, 2008 చట్టం ప్రకారం ఇద్దరు భాగస్తులుంటే చాలనీ ఆడిటరు గారు చెప్పారు. (మా వైపు పన్ను కాగితం ముట్టుకున్న ప్రతివారూ ఆడిటరు గారే. సీఏ పాసయ్యారా, బీకాం మధ్యలో మానేశారా అని అడగడం మర్యాద కాదు.) రెండో భాగస్తురాలు బావ భార్య, మా అందరికీ అక్క. సర్టిఫికెట్ రిజిస్ట్రేషన్ కార్యాలయమున్న మానేసర్ నుంచి మెయిల్లో వచ్చింది. బావ దానికి ఫ్రేమ్ కట్టించి వేంకటేశ్వరస్వామి పక్కన తగిలించాడు.

తర్వాత అప్పు కోసం బ్యాంకుకెళ్తే, మేనేజరు మనసారా అభినందించి, దంపతులిద్దరి వ్యక్తిగత హామీతో పాటు ఇంటి దస్తావేజులు కూడా పట్టుకు రమ్మన్నాడు. బావ పట్టుకెళ్ళి ఇచ్చేశాడు. ఈ ముక్క మాత్రం ఆయన ఉపన్యాసాల్లో వినపడదు.

ఉపన్యాసాలు ఎక్కువగా పెళ్ళి పంక్తుల్లో జరుగుతాయి. పప్పు వడ్డించేలోపు కేంద్రం, పులుసు వచ్చేసరికి రాష్ట్రం.

“ఆళ్ళిద్దరూ వియ్యంకులు బావూ. ఒకలికి సారె పంపి ఇంకొకలికి మానీడానికి నేదు. అయిదు శాతం జీఎస్టీలో రెండున్నర డిల్లీకి, రెండున్నర అమరావతికి. రిటర్ను లేటు సేసినావనుకో, రోజుకి యాభై ఫైను. అందులోనూ పాతిక ఆయనకి, పాతిక ఈయనకి!” అంటూ అరిటాకు మధ్యలో వేలితో గీత గీస్తాడు. ఫైను లెక్క అంత కంఠతా ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. నెలనెలా 20వ తేదీ రాత్రి ఆడిటరు గారింటి గేటు చప్పుడు వీధంతా వింటుంది.

ఆ తర్వాత భూగోళం. పలాసలో ఎక్కించిన పప్పు రాష్ట్రం ఆ చివర హిందూపురం దాకా పోయినా ఇంట్లో సరుకే, పన్ను సగం సగం. పాతపట్నంలో తీసిన కాలు ఒడిశా పర్లాకిమిడిలో పెడితే ఐజీఎస్టీ, అంటే అంతర్రాష్ట్ర పన్ను! పర్లాకిమిడిలో ఉన్న సొంత మేనత్తకు దసరాకి కిలో పప్పు పంపుతూ “అత్తా, మాది 37, మీది 21” అని ఫోన్ చేశాడట. రాష్ట్రాల కోడ్లు అవి. ఆవిడ తన వయసు తప్పు చెబుతున్నాడనుకుని నొచ్చుకుంది.

రివర్స్ ఛార్జ్ ఆయనకు ప్రాణం. రైతు దగ్గర పిక్కలు కొంటే, వాటి మీద జీఎస్టీ రైతు కట్టడు, కొన్న వ్యాపారే కట్టాలి. ముందు చేతి డబ్బు పెట్టి కట్టి, తర్వాత క్రెడిట్‌గా తీసుకోవాలి. మందస నుంచి పిక్కలు తెచ్చిన ఓ ముసలాయనకు బావ ఇదంతా అరగంట బోధించి, చివర్లో బస్తాకి వంద తగ్గించమన్నాడు. రైతు తుండు దులుపుకుని “నీ పన్ను నువ్వే కట్టుకో బావూ, నా పిక్కలు నాకిచ్చీ” అన్నాడు. చట్టం కూడా అచ్చంగా ఆ మాటే అంటుంది.

రాష్ట్రం వసూలు చేసే వృత్తిపన్ను మీద బావకు ఫిర్యాదు లేదు. ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగమే కట్టడి చేసింది కదా. ఉపన్యాసం బెడిసికొట్టింది మాత్రం ఓ పరామర్శలో. పోయినాయన భార్యతో “ఇద్దరి భాగస్వామ్యమైతే ఈపాటికి రద్దయిపోను వదినా, అదే ఎల్‌ఎల్‌పీ అయితేనా...” అని మొదలుపెడితే, ఎవరో రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్ళారు.

ఆదాయప్పన్ను దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. అమెరికాలో ఎల్‌ఎల్‌సీ మామూలుగా తన పేర ఫెడరల్ ఆదాయప్పన్ను కట్టదు, లాభం యజమానుల రిటర్నుల్లోకి పోతుంది. రాష్ట్రాలది ఎవరి దారి వారిది. కాలిఫోర్నియా అయితే లాభమొచ్చినా రాకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు పుచ్చుకుంటుంది. ఇక్కడ అంతా తలకిందులు. ఎల్‌ఎల్‌పీయే మొదటి రూపాయి నుంచీ 30 శాతం, దాని మీద సెస్సూ కడుతుంది, భాగస్తుల వాటాకు మళ్ళీ పన్నుండదు. బావ ఒంటరి ఆసామిగానే మిగిలిపోయుంటే, 2025–26లో కొత్త పద్ధతిలో పది లక్షల లాభం మీద కట్టాల్సింది సున్నా. ఈ సంగతి ఆడిటరు గారు టీ తాగుతూ మెల్లిగా చెప్పారు. బావ టీ చల్లారిపోయింది.

దీనికి విరుగుడు పనిచేసే భాగస్తులకు జీతం రాయడం. పది లక్షల్లో 7,80,000 దాకా చట్టం ఒప్పుకుంటుంది, మిగిలిన 2,20,000 మీద పన్ను 68,640. గుండు, బద్ద, ముక్క వేరుచేసే ఆడవాళ్ళ మధ్య పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా కూర్చునేది అక్కే కాబట్టి, పనిచేసే భాగస్తురాలిగా ఆమెకు వంక పెట్టడానికి లేదు. బావ విషయంలోనే ఆడిటరు గారు కాస్త ఆలోచించారు. చివరికి చెరో 3,90,000 రాశారు.

2025 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక. భాగస్తుడికిచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20 వేలు దాటితే పదో వంతు ముందే కోసి కట్టాలి. బావ కట్టాడు. ఆడిటరు గారు అక్క పేర విడిగా రిటర్ను వేశారు. ఆమెకు పన్నే పడదు కాబట్టి, కోసిన 39 వేలూ తిరిగి ఆమె ఖాతాలోనే పడ్డాయి. ఫోను మోగింది. అక్క మెసేజీ కూతురి చేత చదివించుకుని, తిన్నగా ఆడిటరు గారింటికెళ్ళింది.

“ఇది పదో వంతంటన్నారు. మరి మిగతా తొమ్మిది వంతులేవి బాబూ?”

“అవి పుస్తకంలో మీ పేర జమ ఉన్నాయమ్మా.”

“పుస్తకంలో ఉంటే నానేటి సేసుకోను?”

“ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. చెక్కు మీద మీ సంతకమైనా చెల్లుతుంది.”

ఆ సాయంత్రమే 3,51,000కు చెక్కు రాసింది. కరెంటు ఖాతాలో పిక్కల రైతులకిద్దామని దాచిన డబ్బది. బావ పరుగెత్తుకొచ్చి సీజన్ అనీ, పెట్టుబడి అనీ, కేంద్రం అనీ, రాష్ట్రం అనీ ఏకరువు పెట్టాడు. అక్క చేటలో పప్పు చెరుగుతూ అంతా వింది.

“రైతులకి నానే ఇచ్చుకుంతాను. నా జీతం మాత్రం ఇక నుంచి నెలనెలా అయిదో తారీకుకల్లా పడాల. లేటైతే రోజుకి యాభై. అందులో సగం సగం ఏటీ నేదు, మొత్తం నాకే.”