బి12 మాత్ర కథ

ఈ మాత్రలోని మందు విటమిన్ బి12. దీన్ని మొక్కలూ జంతువులూ తయారు చేసుకోలేవు. ఆ శక్తి సూక్ష్మజీవులకే ఉంది. ఫ్యాక్టరీ ట్యాంకుల్లో బ్యాక్టీరియాను పెంచి, దాని నుంచి బి12ను ఎర్రటి స్ఫటికాలుగా తీస్తారు. 1948లో తొలిసారి శుద్ధ రూపంలో దొరికిన ఈ పదార్థపు నిర్మాణాన్ని 1956 నాటికి డొరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌రేల సాయంతో తేల్చారు.

పాలు, గుడ్లు, చేపల్లో బి12 మాంసకృత్తులను అంటుకుని ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం, పెప్సిన్ దాన్ని విడదీస్తాయి. జీర్ణాశయం గోడలో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ చిన్నపేగులో దాన్ని పట్టుకుంటుంది. ఆ పేగు చివరి భాగంలో అది రక్తంలోకి చేరుతుంది. వయసులో ఉండి ఇవి తినేవాళ్లకు ఇదంతా సాఫీగా సాగుతుంది, ఈ మాత్ర అవసరం అంతగా రాదు.

యాభై దాటాక చాలామందిలో జీర్ణాశయపు లోపలి పొర క్షీణించి ఆమ్లం తగ్గుతుంది. నూటికి 10 నుంచి 30 మందికి తిండిలోని బి12 సరిగా ఒంటపట్టదని అంచనా. ఈ మాత్రలోని బి12 దేన్నీ అంటుకుని లేదు కనుక ఆమ్లంతో పని లేదు. యాభై దాటినవాళ్లు రోజుకు కావలసిన 2.4 మైక్రోగ్రాముల్లో ఎక్కువ భాగం మాత్రల నుంచో, బి12 కలిపిన ఆహారం నుంచో పొందాలని 1998లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పింది ఇందుకే.

లోటు పడిపోయిన ముసలి ఒంటికి ఆ కొలత చాలదు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ ద్వారా ఒక్కసారికి సుమారు రెండు మైక్రోగ్రాములే లోపలికి వెళ్తాయి; ఆ ప్రోటీనే కరువైతే అదీ లేదు. మింగినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రం ఏ సాయమూ లేకుండా పేగు గోడలోంచి ఇంకుతుంది. అంటే 1000 మైక్రోగ్రాముల మాత్ర నుంచి పది. నెదర్లాండ్స్‌లో స్వల్ప లోటున్న వృద్ధులపై జరిపి 2005లో వెలువరించిన పరిశోధనలోనూ రోజుకు 650 నుంచి 1000 మైక్రోగ్రాముల దాకా కావలసి వచ్చింది.

షుగరుకు ఏళ్లతరబడి వాడే మెట్‌ఫార్మిన్, రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు లోటును పెంచుతాయి. కాలేయంలో నిల్వ ఉన్నంతకాలం, అంటే కొన్నేళ్లపాటు, ఏమీ బయటపడదు. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు, మతిమరుపు మొదలవుతాయి. వాటిని వయసు మీద పడ్డ లక్షణాలుగా వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద నష్టం, ఎందుకంటే ఆలస్యమైతే నరాల దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు.

ఇంకో చిక్కు ఫోలిక్ ఆమ్లంతో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఈ విటమిన్ ఎందరికో రక్తం పట్టించిన గొప్ప మందు. బి12 లోటున్నవాళ్లకు అదొక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనబడుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. కాబట్టి ముందు బి12 పరీక్ష చేయించి, లోటుంటే ఈ మాత్రో ఇంజెక్షనో మొదలుపెట్టాకే ఫోలిక్ ఆమ్లం ఇస్తారు.